పాత్రకు వృత్తిని నిర్ణయించడం: స్వేచ్ఛాసంచార వీడియో క్రీడలు, తెలుగు పాత్రచింతన

ప్రస్తావన

తెలుగులో 'పాత్ర' అన్న మాట మూడర్థాలను మోస్తున్నది. అది వస్తువును నింపుకునే గిన్నె, కథలో నడిచే వ్యక్తి, 'పాత్రత' అన్న రూపంలో అర్హత కూడా. ఈ మూడింటినీ కలిపి ఆలోచిస్తే పాత్రచిత్రణ గురించి ఒక మౌలికప్రశ్న ఎదురవుతుంది. పాత్రలో ఏమున్నదో ముందే నిర్ణయమై ఉంటుందా, కథ నడిచేకొద్దీ అది నిండుతుందా? కావ్యంలో, నాటకంలో, నవలలో ఈ ప్రశ్నకు సమాధానం రచయిత చేతిలో ఉంటుంది. పాఠకునికి అందేనాటికి పాత్ర నిండే ఉంటుంది. గత అర్ధశతాబ్దిలో రూపొందిన పాత్రధారణ క్రీడ అనే కథనరూపంలో మాత్రం ఆ నిర్ణయంలో కొంతభాగం కథను అనుభవించే వ్యక్తికి దక్కింది.

1974లో గారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ రూపొందించిన 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' అనే బల్లపై ఆడే ఆట ఈ రూపానికి ఆద్యం. అందులో ఆడేవారు తమ పాత్రకు యోధుడు, మాంత్రికుడు, మతాచార్యుడు అనే మూడింటిలో ఒక 'క్లాస్'ను ఎంచుకునేవారు. మరుసటి ఏడు వచ్చిన 'గ్రేహాక్' అనుబంధంతో దొంగ కూడా ఆ జాబితాలో చేరాడు. ఈ పద్ధతి తరువాత కంప్యూటర్ క్రీడలకు వ్యాపించింది. ఒకే కథామార్గానికి కట్టుబడకుండా విశాలమైన కల్పితలోకంలో ఆడేవారిని స్వేచ్ఛగా తిరగనిచ్చే క్రీడల్లో బెథెస్డా సంస్థ రూపొందించిన 'ది ఎల్డర్ స్క్రోల్స్' క్రీడామాలిక ప్రసిద్ధమైనది. ఇందులోని మారోవిండ్ (2002), ఆబ్లివియన్ (2006), స్కైరిమ్ (2011) అనే మూడు కృతులు క్లాస్ నిర్వచనాన్ని మూడు విధాలుగా నిర్వహించాయి. మొదటిది దానిని పాత్ర ఎదుగుదలకు కొలబద్దగా నిలిపింది. రెండవది దానిని నిలుపుకొంటూనే బలహీనపరచింది. మూడవది పూర్తిగా తొలగించింది.

ఈ మార్పును క్రీడానిర్మాణంలోని సాంకేతిక పరిణామంగా మాత్రమే చూడడం పరిపాటి. క్లాస్ తొలగింపును స్వేచ్ఛ వైపు వేసిన అడుగుగా ప్రశంసించడమూ ఉన్నది. తెలుగు కథనసంప్రదాయం నుంచి చూస్తే విషయం అంత సరళంగా కనిపించదు. తానెవరో ముందుగా ప్రకటించి, ఆ ప్రకటనకూ నడవడికీ మధ్య బతకవలసి రావడంలోనే కథ పుడుతుందని ఆ సంప్రదాయంలోని ముఖ్యఘట్టాలు సూచిస్తాయి. విరాటపర్వం, కర్ణుని కథ ఆధారంగా ఈ వాదాన్ని నిరూపించడం, మారే వృత్తి పక్కన మారని జాతిని ఈ క్రీడలు ఎలా నిలిపాయో పరిశీలించడం ఈ వ్యాసలక్ష్యం.

'క్లాస్'కు తెలుగు మాట

ముందుగా పరిభాషను తేల్చుకోవాలి. 'క్లాస్'కు వర్గం, తరగతి, శ్రేణి అన్న మాటలు వాడుకలో ఉన్నాయి. 'వర్గం' అనగానే ఆర్థికవర్గం, వర్గపోరాటం స్ఫురిస్తాయి. 'తరగతి' బడిని గుర్తుచేస్తుంది. 'శ్రేణి'లో హెచ్చుతగ్గుల భావం ఉన్నది. క్రీడలోని క్లాస్ వీటిలో ఏ ఒక్కటీ పూర్తిగా కాదు. యోధుడు మాంత్రికుని కన్న పైవాడు కాడు, కిందివాడూ కాడు. వారిద్దరి మధ్య తేడా చేసే పనిలోను, ఆ పని నేర్చిన తీరులోను ఉన్నది.

ఈ అర్థానికి 'వృత్తి' దగ్గరగా వస్తుంది. వృత్తి అంటే జీవనోపాధి. వృత్తి అంటే నడవడి కూడా. నాట్యశాస్త్రంలో భారతి, సాత్త్వతి, కైశికి, ఆరభటి అనే నాలుగు వృత్తులు పాత్రల వ్యాపారరీతిని చెబుతాయి. వీటిలో ఆరభటి యుద్ధానికి, మాయకు, ఇంద్రజాలానికి చెందినది కావడం ఇక్కడ గమనార్హం. శబ్దం అర్థాన్ని అందించే తీరులైన అభిధ, లక్షణ, వ్యంజనలను కూడా వృత్తులనే అంటారు. బతుకుతెరువు, ప్రవర్తన, అర్థాన్ని వెలువరించే విధానం అనే మూడూ ఒకే మాటలో ఇమడడం వల్ల క్లాస్‌కు 'వృత్తి' తగిన పరిభాష అవుతుంది.

ఈ మాటకు ఒక బరువు కూడా ఉన్నది. తెలుగునాట 'వృత్తి'కి ముందు 'కుల' అన్న మాట శతాబ్దాలుగా అతుక్కొని ఉన్నది. గువ్వలచెన్న శతకం నుంచి నేటి ప్రభుత్వ పథకాల పేర్ల దాకా 'కులవృత్తి' ఒకే పదంగా వాడుకలో సాగుతున్నది. పుట్టుకను, పనిని విడదీసి రెండు వేర్వేరు గడులలో నింపమని అడిగే క్రీడ తెలుగు పాఠకుని ముందుకు వచ్చినప్పుడు ఈ సమాసం విడిపోతుంది. 'వర్గం' అని అనువదిస్తే ఈ సంఘర్షణ కనిపించదు. 'వృత్తి' అంటే కనిపిస్తుంది.

ఆలంకారికుల లెక్క, క్రీడ లెక్క

పాత్రలను రకాలుగా విభజించడం భారతీయ కావ్యశాస్త్రానికి కొత్త కాదు. నాయకుడు ధీరోదాత్తుడు, ధీరోద్ధతుడు, ధీరలలితుడు, ధీరశాంతుడు అని నాలుగు విధాలు. వీరిలో ఒక్కొక్కరు అనుకూలుడు, దక్షిణుడు, ధృష్టుడు, శఠుడు అని మళ్ళీ నలుగురు. ఈ పదహారుగురిని ఉత్తమ, మధ్యమ, అధమ భేదాలతో గుణిస్తే 48 మంది అవుతారని విశ్వనాథుని సాహిత్యదర్పణం లెక్కకట్టింది. నాయికాభేదాలు అదే గ్రంథంలో 384కు చేరాయి. కాకతీయుల ఆస్థానంలో విద్యానాథుడు రచించిన ప్రతాపరుద్రీయం ఇటువంటి లక్షణాలకు ప్రతాపరుద్రుణ్ణే లక్ష్యంగా నిలిపింది. తెలుగులో రామరాజభూషణుని నరసభూపాలీయం ఆ బాటను అనుసరించింది.

మారోవిండ్‌లో వృత్తినిర్మాణం కూడా ఇటువంటి గుణకారమే. యుద్ధం, మంత్రం, గోప్యం అనే మూడు రంగాలలో ఒకటి ఎంచుకోవాలి. బలం, బుద్ధి, సంకల్పం, చురుకుదనం, వేగం, ఓర్పు, వ్యక్తిత్వం, అదృష్టం అనే ఎనిమిది గుణాలలో రెండింటిని ఇష్టగుణాలుగా గుర్తించాలి. రంగానికి తొమ్మిది చొప్పున ఉన్న 27 నైపుణ్యాలలో ఐదింటిని ప్రధానంగా, మరో ఐదింటిని అప్రధానంగా నిర్ణయించాలి. చివరికి ఆ కూర్పునకు ఒక పేరు పెట్టాలి. ఈ లెక్కన సాధ్యమయ్యే కూర్పుల సంఖ్య 17,857 కోట్లు దాటుతుంది. రంగం, రెండు గుణాలు, ఏడు ప్రధాన నైపుణ్యాలు అడిగే ఆబ్లివియన్‌లో నైపుణ్యాలు 21కి తగ్గినందున ఆ సంఖ్య 97,67,520 వద్ద ఆగుతుంది.

సంఖ్యల మధ్య ఉన్న అంతరం కన్న ముఖ్యమైనది వాటి ప్రయోజనంలోని తేడా. ఆలంకారికుని విభజన కావ్యం పుట్టిన తరువాత దానిని తెలుసుకోవడానికి పనికివస్తుంది. రాముడు ధీరోదాత్తుడని చెప్పడం రాముని కథ తెలిసిన తరువాత జరిగే పని. క్రీడలోని విభజన కథకు ముందు వస్తుంది. ఆడే వ్యక్తి ఇంకా ఏ పనీ చేయకముందే తాను చేయబోయే పనులను ప్రకటించాలి. మొదటిది లక్షణమైతే రెండవది సంకల్పం. అందుకే నాయకభేదాలతో దీనిని పోల్చి ఊరుకోవడం చాలదు. పాత్రలే తమకు తాము వృత్తులు నిర్మించుకున్న సన్నివేశాన్ని వెదకాలి. అది తెలుగులో తిక్కన విరాటపర్వంలో ఉన్నది.

విరాటుని కొలువులో ఆరు వృత్తులు

అజ్ఞాతవాస సంవత్సరం ఆరంభంలో పాండవులు, ద్రౌపది తాము విరాటుని కొలువులో ఎవరుగా ఉండాలో ఆలోచించుకుంటారు. ధర్మరాజు కంకుభట్టుగా రాజుకు జూదంలో తోడు. భీముడు వలలుడుగా వంటవాడు. అర్జునుడు బృహన్నలగా నాట్యాచార్యుడు. నకులుడు దామగ్రంథిగా గుర్రాల సంరక్షకుడు. సహదేవుడు తంత్రీపాలుడుగా ఆవుల కాపరి. ద్రౌపది సైరంధ్రిగా మాలిని. ప్రతివారికీ ఒక పేరు, ఒక పని, ఆ పనికి తగిన నేర్పు, చెప్పుకోవడానికి ఒక పూర్వకథ సిద్ధమవుతాయి. మారోవిండ్ అడిగే అంశాలు దాదాపు ఇవే.

ఈ వృత్తుల ఎంపికలో ఒక తర్కం ఉన్నది. ఎవరూ తమకు రాని విద్యను ప్రకటించుకోలేదు. ధర్మరాజు అరణ్యవాసంలో బృహదశ్వుని వలన అక్షహృదయం నేర్చినవాడు. అర్జునుడు ఇంద్రలోకంలో చిత్రసేనుని వద్ద నాట్యం అభ్యసించినవాడు. అయితే ఎవరూ తమ ప్రధానవిద్యను కూడా ప్రకటించుకోలేదు. గాండీవధారి విల్లును దాచి మువ్వలు కట్టాడు. గదాధరుడు గరిటె పట్టాడు. రాజ్యాన్ని పోగొట్టిన జూదాన్నే ధర్మరాజు జీవిక చేసుకున్నాడు. వృత్తి ఇక్కడ నిజానికీ మరుగునకూ మధ్య జరిగిన ఒప్పందం. అది అబద్ధమైతే మొదటి పరీక్షలోనే బయటపడుతుంది. పూర్తి నిజమైతే కౌరవుల గూఢచారులకు దారి చూపుతుంది.

విరాటపర్వంలోని కథ అంతా ఈ ఒప్పందంపై ఒత్తిడి పెరగడమే. వంటవాడు మల్లయుద్ధంలో జీమూతుణ్ణి కూల్చవలసి వచ్చింది. తరువాత కీచకుణ్ణి నర్తనశాలలో వధించవలసి వచ్చింది. నాట్యాచార్యుడు ఉత్తరునికి సారథి కావలసి వచ్చింది, చివరికి జమ్మిచెట్టుపై నుంచి గాండీవాన్ని దింపించవలసి వచ్చింది. ప్రకటించిన వృత్తిలో ఇమడని నేర్పు బయటికి పొంగిన ప్రతిసారీ కథ ఒక మెట్టు ఎక్కింది. వలలుడు అన్న పేరు లేకుండా కీచకుని చంపినవాడు భీముడే అయి ఉంటే అది మరొక వధ మాత్రమే. వలలుడు చంపడం వలన అందులో భయం, రహస్యం, ద్రౌపది ప్రాణమానాలు, ఏడాది గడువు అన్నీ ముడిపడ్డాయి.

దీని నుంచి ఒక సూత్రాన్ని గ్రహించవచ్చు. వృత్తినామం పాత్రకు హద్దు గీస్తుంది. ఆ హద్దు ఉన్నందువల్లనే దానిని దాటడం ఘటన అవుతుంది.

గుమస్తా ముందు ప్రకటన

మారోవిండ్ తన ఆరంభఘట్టాన్ని ఒక ప్రభుత్వకార్యాలయంలో నిలిపింది. చక్రవర్తి ఆజ్ఞపై విడుదలైన పేరులేని ఖైదీ సేడా నీన్ అనే చిన్న రేవులో ఓడ దిగుతాడు. ఓడలో తోటి ఖైదీ పేరు అడుగుతాడు. దిగగానే ఒక ఉద్యోగి అతని జాతిని నమోదు చేసుకుంటాడు. జనగణన, సుంకాల కార్యాలయంలో ఒక వృద్ధ గుమస్తా వృత్తిని, జన్మరాశిని రాసుకుంటాడు. వృత్తిని తెలుసుకోవడానికి అతడు మూడు దారులు చూపుతాడు. పది ప్రశ్నలకు జవాబు చెబితే అతడే ఒక వృత్తిని సూచిస్తాడు. సిద్ధంగా ఉన్న 21 వృత్తులలో ఒకటి ఎంచుకోవచ్చు. లేదా కొత్త వృత్తిని స్వయంగా నిర్మించి పేరుపెట్టవచ్చు.

ఈ సన్నివేశం తెలుగు పాఠకునికి పరిచితమైనది. 2024 నవంబరులో తెలంగాణలో జరిగిన సమగ్ర ఇంటింటి సర్వేలో గడపగడపకు వచ్చిన ఉద్యోగి చేతిలో కులానికి ఒక గడి, వృత్తికి మరొక గడి ఉన్న పత్రం ఉన్నది. రాజ్యం వ్యక్తిని గుర్తించడానికి అతనిని గడులుగా విడదీస్తుంది. మారోవిండ్ కర్తలు ఈ సత్యాన్ని దాచకుండా క్రీడానియమాన్నే కథలోని ఘటనగా మలిచారు. ఆడేవారు నింపేది తమ పాత్ర వివరాలే అయినా, కథలో అది సామ్రాజ్యపు దస్త్రం.

నమోదు తరువాత ఆ లోకంలో వృత్తినామం ఎక్కడ పనికివస్తుందన్నది ఆసక్తికరమైన ప్రశ్న. మాంత్రికసంఘంలో గాని, యోధసంఘంలో గాని ఎదగడానికి వృత్తినామాన్ని ఎవరూ అడగరు. ఆ సంఘం కోరే గుణాలు, నైపుణ్యాలు తగిన మోతాదులో ఉన్నాయా అన్నదే పరీక్ష. తనకు తాను 'యోధుడు' అని రాయించుకున్నవాడు మంత్రాలు అభ్యసించి మాంత్రికసంఘానికి అధిపతి కావచ్చు. పేరుకు సమాజంలో విలువ లేదు, నేర్పుకు ఉన్నది.

అయితే ఎదుగుదలలో వృత్తికి విలువ ఉన్నది. ప్రధాన నైపుణ్యాలు 30 వద్ద, అప్రధానమైనవి 15 వద్ద, మిగిలినవి 5 వద్ద మొదలవుతాయి. ఎంచుకున్న రంగానికి చెందినవాటికి మరో 5 కలుస్తుంది. ప్రకటించిన ఆ పది నైపుణ్యాలలో కలిపి పది మెట్లు ఎక్కినప్పుడే పాత్రస్థాయి పెరుగుతుంది. ప్రకటించని విద్యను ఎంత సాధన చేసినా స్థాయి కదలదు. అన్న మాట ప్రకారం నడిచినవాడు ఎదుగుతాడు, అనని దారిన నడిచినవాడు నేర్చుకుంటాడు కాని ఎదిగినట్టు లెక్కకు రాడు. విరాటుని కొలువులో వలలుని మల్లవిద్య వంటవాని జీతానికి కలవనట్టే ఇదీ. ప్రకటనకూ ఆచరణకూ మధ్య ఇటువంటి నైతికబంధం ఏర్పరచడం మారోవిండ్ సాధించిన కథనప్రయోజనం.

ప్రకటన శిక్ష అయినప్పుడు

ఆబ్లివియన్ ఈ ప్రకటనను కొంత ఆలస్యం చేసింది. ఖైదీ చెరసాల కింది సొరంగాలలో కత్తి, విల్లు, మంత్రం అన్నీ వాడి చూసిన తరువాత, చక్రవర్తి మరణించిన ఘట్టంలో, అంగరక్షకుడు బారస్ అతని వృత్తిని అడుగుతాడు. అప్పటిదాకా ఆడిన తీరును బట్టి ఒక వృత్తిని సూచిస్తాడు కూడా. సొరంగం నుంచి వెలుగులోకి అడుగుపెట్టే ముందు అన్ని నిర్ణయాలనూ సవరించుకునే అవకాశం ఉన్నది. ఆచరణ ముందు, ప్రకటన తరువాత అన్న ఈ క్రమం మారోవిండ్ కన్న సహజంగా కనిపిస్తుంది.

లోపం తరువాతి నిర్మాణంలో ఉన్నది. ఈ క్రీడలో పాత్రస్థాయి పెరిగితే లోకమంతా దానితోపాటు పెరుగుతుంది. దారిదోపిడి దొంగలు సైతం అరుదైన కవచాలు తొడుగుతారు. ఏడు ప్రధాన నైపుణ్యాల పెరుగుదలే స్థాయిని పెంచుతుంది. స్థాయి పెరిగినప్పుడు ఏ గుణం ఎంత పెరుగుతుందో అప్పటిదాకా దానికి చెందిన నైపుణ్యాలు ఎన్ని మెట్లు ఎక్కాయన్న దానిపై ఆధారపడుతుంది. ఫలితంగా తాను నిజంగా రోజూ వాడే విద్యలను ప్రధానమని ప్రకటించినవాడు త్వరత్వరగా స్థాయి పెంచుకుంటాడు, గుణాలు మాత్రం అరకొరగా పెరుగుతాయి, శత్రువులు అతని కన్న వేగంగా బలపడతారు. అరుదుగా వాడే విద్యలను ప్రధానమని రాసి, వాడదలచిన విద్యలను పక్కన ఉంచినవాడు సుఖపడతాడు. అనుభవజ్ఞులైన ఆటగాళ్లు ఈ ఉపాయాన్ని కొత్తవారికి చెప్పడం పరిపాటి అయింది.

పైకి చూస్తే ఇది పాండవుల ఉపాయమే. వారూ తమ ప్రధానవిద్యను దాచారు. తేడా కారణంలో ఉన్నది. పాండవుల మరుగుకు కథలో కారణం ఉన్నది: గడువు, పగ, ప్రతిజ్ఞ. ఆబ్లివియన్‌లో దాచడానికి కథాకారణం ఏదీ లేదు, లెక్కలోని లొసుగు ఒక్కటే ఉన్నది. ఆ లోకంలో ఎవరినీ మోసం చేయని ఈ అబద్ధం క్రీడానియమాన్ని మాత్రమే మోసం చేస్తుంది. నిజం చెప్పినవాడు నష్టపోయే దస్త్రం కథకు పనికిరాదు. వృత్తినామం ఇక్కడ నిలిచింది కాని, దానిలోని మాటకు ఉన్న విలువ పోయింది.

పేరు లేని స్వేచ్ఛ

స్కైరిమ్ ఈ చిక్కును కత్తిరించింది. వధ్యశిలకు తీసుకువచ్చిన ఖైదీని జాతి, పేరు అడుగుతారు, వృత్తిని అడగరు. 18 నైపుణ్యాలలో దేనిని వాడితే అది పెరుగుతుంది, ఏది పెరిగినా స్థాయికి కలుస్తుంది. దారిలో కనిపించే యోధ, మాంత్రిక, చోర శిలలలో ఒకదానిని తాకితే ఆ రంగపు విద్యలు త్వరగా అబ్బుతాయి. మనసు మారితే వెనక్కి వచ్చి మరొక శిలను తాకవచ్చు. వృత్తి ఒక వరంగా మిగిలింది, మాటగా మిగలలేదు.

ఇది స్వేచ్ఛకు సంపూర్ణరూపమన్న వాదంలో బలం ఉన్నది. మనిషి చేసే పనులే అతనిని నిర్ణయించాలి, ముందే రాసిన పత్రం కాదు అన్నది ఉదాత్తమైన ఆదర్శం. కులవృత్తి భారాన్ని మోసిన సమాజానికి ఈ ఆదర్శం మరింత ఆకర్షణీయం. అయినా రెండు అభ్యంతరాలు మిగులుతాయి. మొదటిది, హద్దు లేనిచోట దాటడం లేదు. స్కైరిమ్ పాత్ర యోధునిగా మొదలై మాంత్రికుడైనా, దొంగ అయినా ఆ మార్పు ఎక్కడా ఘటనగా నమోదు కాదు. అన్నీ నేర్చిన పాత్రకు 'నేను ఇదివరకు ఫలానా' అని చెప్పుకునే భూతకాలం ఉండదు. రెండవది, పేరు పెట్టే హక్కు పోయింది. మారోవిండ్‌లో ఒక వ్యక్తి తన కూర్పుకు తానే పేరు పెట్టి, ఆ పేరులో తన ఊహను నిలుపుకోగలడు. అది పాఠకుడు కవి అయ్యే చిన్న క్షణం.

పాల్కురికి సోమనాథుని బసవపురాణం ఈ సందర్భంలో స్మరణీయం. మడివాలు మాచయ్య చాకలివాడు, కుమ్మర గుండయ్య కుమ్మరి, కన్నప్ప వేటగాడు. వృత్తిని చెరిపివేయడం ద్వారా ఆ కావ్యం వీరిని గొప్పవారిని చేయలేదు. వృత్తి పేరులో అలాగే ఉన్నది, ఉతకడమూ కుండ చేయడమూ వేటాడడమూ భక్తికి రూపాలయ్యాయి. వృత్తికి అంటిన హెచ్చుతగ్గులను తొలగించి వృత్తిని నిలుపుకోవచ్చునని ఆ కావ్యం చూపింది. స్కైరిమ్ కర్తలకు ఈ మూడవ దారి తట్టినట్టు కనిపించదు. వారు కొలతలోని దోషాన్ని సవరించవలసినచోట కొలబద్దనే పారవేశారు.

మారని గడి: జాతి

వృత్తి విషయంలో మూడు క్రీడలూ భిన్నంగా నడిచినా ఒక విషయంలో ఏకీభవించాయి. మూడింటిలోనూ పది జాతులలో ఒకటి ఎంచుకోవాలి. ఎంచుకొని ప్రయాణం మొదలుపెట్టిన తరువాత దానిని సాధనతో మార్చలేరు. జాతిని బట్టి కొన్ని విద్యలు ముందే పెరిగి ఉంటాయి. కొన్ని జాతులకు మంత్రబలం, కొన్నింటికి దేహబలం పుట్టుకతో వచ్చినట్టు చూపబడింది. మారోవిండ్‌లోని ద్వీపంలో ఆర్గోనియన్, ఖాజిట్ జాతులవారు తోటల్లో బానిసలుగా కనిపిస్తారు. ఆ జాతిని ఎంచుకున్న ఆటగాడు ఆ బానిసల మధ్య నుంచే నడిచిపోతాడు.

వృత్తిని తెరిచి జాతిని మూసిన ఈ ఏర్పాటు కర్ణుని కథను జ్ఞప్తికి తెస్తుంది. కుమారాస్త్రవిద్యాప్రదర్శనలో కర్ణుడు అర్జునుడు చూపిన విద్యలన్నీ తానూ చూపాడు. నైపుణ్యపరీక్ష అక్కడికి ముగియాలి. ద్వంద్వయుద్ధానికి సిద్ధపడగానే కృపుడు కులగోత్రాలు అడిగాడు. అడిగినది విద్య కాదు, జాతి గడి. దుర్యోధనుడు అప్పటికప్పుడు అంగరాజ్యం ఇచ్చి ఆ గడిలో 'రాజు' అని రాయించాడు. అంతలో అధిరథుడు రావడంతో ఆ రాతకు విలువ లేదని భీముని ఎత్తిపొడుపు తేల్చింది. పరశురాముని వద్ద కర్ణుడు తానే ఒక తప్పు గడి నింపాడు. అది బయటపడినప్పుడు నేర్చిన విద్యే అవసరకాలంలో స్ఫురించకుండా పోయింది.

పాండవుల మారువృత్తి ఏడాది తరువాత కీర్తిగా మారింది, కర్ణుని మారుజాతి శాపంగా మారింది. ఇద్దరూ దాచారు. ఒకరికి తిరిగి వెళ్ళడానికి ఒక పుట్టుక ఉన్నది, మరొకరికి ఆ పుట్టుకే అందలేదు. వృత్తిని మార్చుకోవడంలోని సుఖం, మారని జాతి అనుకూలంగా ఉన్నవారికే దక్కుతుందన్న సత్యం ఈ జంటలో ఉన్నది. వృత్తినిర్మాణ స్వేచ్ఛను ప్రశంసించే క్రీడావిమర్శ ఈ రెండవ గడిని కూడా చదవవలసి ఉన్నది. స్కైరిమ్ వృత్తిని తొలగించింది కాని జాతిని నిలిపింది. అంటే మనిషి తన మాటతో నిర్ణయించుకున్న అంశం పోయి, పుట్టుకతో వచ్చిన అంశం మాత్రమే పాత్రకు గుర్తుగా మిగిలింది. స్వేచ్ఛ పేరుతో జరిగిన ఈ మార్పులోని విపర్యాసం ఇదే.

కె.వి.రెడ్డి దర్శకత్వంలో 1951లో వచ్చిన పాతాళభైరవి ఈ చర్చకు జానపద ప్రతిరూపం. తోటమాలి కొడుకైన రాముని పేరులోనే వృత్తి ఉన్నది. రాకుమారిని కోరినందుకు అతనిని అడిగింది సంపద. మాంత్రికుడు అతనిలో వెదికింది సాహసం. సంపద సమకూరి అతడు రాజుకు అల్లుడైనా ప్రేక్షకుల నోట నేటికీ 'తోట రాముడు'గానే నిలిచాడు. ఆ పేరు కొనసాగినందువల్లనే అతడు దాటిన దూరం గుర్తుంటుంది.

దూలపల్లి వంటి చోట ఈ ప్రశ్న

ఈ చర్చ క్రీడాలోకానికి పరిమితమైనది కాదు. హైదరాబాదుకు ఉత్తరాన మేడ్చల్ దారిలో దూలపల్లి, మైసమ్మగూడ, కొంపల్లి పరిసరాలు రెండు దశాబ్దాలలో ఇంజనీరింగ్ కళాశాలలకు, వసతిగృహాలకు నెలవయ్యాయి. ఇటువంటి క్రీడలు ఆడే వయసు, కంప్యూటర్ అందుబాటు గల యువతరం అక్కడ ఉన్నది. ఆ తరం అప్పటికే ఒక వృత్తినిర్ణయాన్ని దాటి వచ్చినది. గతంలో ఎంసెట్ అని పిలిచిన నేటి ఈఏపీసెట్‌లో వచ్చిన ర్యాంకు, రిజర్వేషన్ వర్గం ఆధారంగా వెబ్ ఆప్షన్ల ద్వారా కళాశాల, శాఖ ఖరారవుతాయి. గడువులోగా ఆప్షన్లు మార్చుకోవచ్చు. ఆ తరువాత అదే కళాశాలలో శాఖ మారడానికి ఇంటర్నల్ స్లైడింగ్ అనే చివరి అవకాశం ఉన్నది. తరగతులు సాగిన తరువాత మార్పు కష్టం. పదిహేడు పద్దెనిమిదేళ్ల వయసులో, ఆ విద్యను ఒక్కసారీ వాడి చూడకముందే, 'నీ వృత్తి ఏమిటి' అన్న గుమస్తా ప్రశ్నకు జవాబు చెప్పవలసి వస్తుంది.

అదే దూలపల్లిలో రాష్ట్ర అటవీ అకాడమీ ఉన్నది. ఉద్యోగానికి ఎంపికైన అటవీసిబ్బంది అక్కడ శిక్షణ పొందుతారు. పదవి ముందు వస్తుంది, అడవిని చదివే నేర్పు తరువాత అబ్బుతుంది. అక్కడ వృత్తినామం ఒక వాగ్దానం. శిక్షణ అంతా ఆ వాగ్దానానికి మనిషిని తగినవానిగా చేసే ప్రయత్నం. మారోవిండ్ తర్కానికి ఇది దగ్గర.

ఈ రెండు ఉదాహరణలూ ఒక విషయాన్ని సూచిస్తాయి. ముందుగా ప్రకటించడం దానంతట అది బంధనం కాదు, ప్రకటించకపోవడం దానంతట అది విముక్తి కాదు. ప్రకటనకు ముందు రుచి చూసే వ్యవధి ఉన్నదా, ప్రకటించిన తరువాత సవరణకు వాకిలి ఉన్నదా, మాట నిలుపుకున్నవానికి ప్రతిఫలం దక్కుతున్నదా అన్న మూడు ప్రశ్నలపై దాని న్యాయం ఆధారపడుతుంది. ఆబ్లివియన్ మొదటి రెండింటినీ సాధించి మూడవదానిలో విఫలమైంది. మారోవిండ్ మూడవదానిని సాధించినా మొదటిదానిని ఇవ్వలేదు. ఈ మూడూ ఒకచోట కూడిన రూపం పై మూడు క్రీడలలో లేదు.

ముగింపు

పై పరిశీలన వలన కొన్ని నిర్ణయాలు తేలుతున్నాయి. పాత్రధారణ క్రీడలోని 'క్లాస్'కు తెలుగులో 'వృత్తి' తగిన పరిభాష. అది జీవనోపాధిని, నడవడిని కలిపి చెప్పడమే గాక, కులంతో దానికున్న చారిత్రకబంధాన్ని కూడా విమర్శకుని దృష్టికి తెస్తుంది. ఆలంకారికుల నాయకవిభజన కథ ముగిసిన తరువాతి లక్షణం, క్రీడలోని వృత్తినిర్మాణం కథకు ముందరి సంకల్పం. అందుచేత దీనికి సన్నిహితమైన సాహిత్యప్రతిరూపం విరాటపర్వంలోని మారువృత్తులలో ఉన్నది. ప్రకటించిన పేరుకూ దాచిన నేర్పుకూ మధ్య ఒత్తిడి అక్కడ కథను నడిపింది. మారోవిండ్ ఆ ఒత్తిడిని నియమంగా మలచింది, ఆబ్లివియన్ దానిని లెక్కలో పోగొట్టుకున్నది, స్కైరిమ్ వదులుకున్నది. మూడూ జాతిని మాత్రం మార్పులేని గడిగా నిలిపాయి.

వీడియో క్రీడలను సాహిత్యవిమర్శ పరిధిలోకి తీసుకోవాలా అన్న సందేహం తెలుగు విభాగాలలో ఉండవచ్చు. పాత్ర, పాత్రత, వృత్తి, జాతి అన్న మాటల గురించి తెలుగు విమర్శ వందల ఏళ్లుగా ఆలోచించింది. అవే మాటలు నేడు తెరపై గడులుగా మారి యువతరం చేత నింపబడుతున్నప్పుడు, ఆ గడులను చదివే పని ఆ మాటల చరిత్ర తెలిసినవారిదే అవుతుంది. విరాటుని వాకిట నిలిచిన వంటవానిలో భీముణ్ణి గుర్తించగల విమర్శకు ఇది అసాధ్యమైన పని కాదు.